జ్ఞాపకముల పంపకము
(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



 దేశభక్తిని గూర్చి కొంత ప్రసంగింపవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. విషయము పెద్దది, వేళ కొద్దిది. కావున దానిని మన యెఱుకలో నున్న నల్లగొండ, మహబూబ్‌నగరు అను రెండు జిల్లాలకు పరిమితము చేసి చెప్పెదము. జిల్లాలు రెండని యంటిమి గాని, 2016 నుండి అవి పగిలి ఏడెనిమిది జిల్లాలైనవి. మనకు మాత్రము అత్తవారింటికి పోవు దారి మారలేదు గనుక పాత పేర్లతోనే పిలుచుకొందము.

నిజమునకు ఈ కాలమున దేశభక్తిపై నుపన్యసించుట కంటె సులభమైన పని లేదు. అది అంగటిలో దొరకు కుట్టిన అంగీ వంటిది. కొలతలు తీయ నక్కఱలేదు, ఎవరికైనను పట్టును, ఏ సభకైనను తొడుగవచ్చును. మొదట జ్యోతి వెలిగింతురు. పిమ్మట వక్తకు శాలువ కప్పుదురు. ఆ శాలువ మిల్లుది. నేతవారి సభలలోను అది మిల్లుదే. మనము చూచియు చూడనట్లుందుము. అంతట వక్త గొంతు సవరించుకొని, ఝాన్సీ లక్ష్మీబాయి గుఱ్ఱమెక్కుటతో మొదలిడి, జలియన్‌వాలాబాగులో కన్నీరు పెట్టి, భగత్‌సింగు ఉరికొయ్య కడ గద్గదస్వరుడై, జెండా కూర్చిన పింగళి వెంకయ్యగారు తెలుగువాడని గర్వించి, సరిహద్దున నున్న సైనికునితో ముగించును. ఈ యాత్రలో నాతడు భారతదేశమంతయు తిరిగివచ్చును గాని, తాను నిలుచున్న వేదికకు పది క్రోసుల లోపలి యే యూరిలోను దిగడు. సూర్యాపేటలో చెప్పినను, నాగరుకర్నూలులో చెప్పినను అక్షరము మారదు. పెద్దలు చప్పట్లు కొట్టుదురు, బాలురు మిఠాయి బిళ్లకై యెదురుచూతురు. ఝాన్సీరాణి మీద మాకు కోపము లేదు, ఆమె మహావీరురాలు. కాని ఆమె గుఱ్ఱము మన కొండలు దాటి రాలేదు. ఇచ్చట వేఱు గుఱ్ఱములు తిరిగినవి. వానిపై నెక్కినవా రెవరు, వాని డెక్కల క్రింద పడినవా రెవరు అని అడుగువారు లేరు.

మన వృత్తిలో ఒక పరీక్ష కలదు. పోచంపల్లి చిటికి పనిలో నూలుకు ముందే రంగు కట్టి, ఆపైన నేయుదురు. అందుచే ఆ బట్టను తిరగవేసి చూచినను పువ్వు పువ్వుగనే కనబడును. మిల్లువారు తెల్లబట్టమీద అచ్చొత్తిన నకలును తిరగవేసినచో రంగు వెలవెలబోవును. మేము వక్తల దేశభక్తిని ఈ విధముననే తిరగవేసి చూడవలెనని తలచితిమి. కొనువాని కా హక్కు కలదు గదా.

మన జిల్లాలలో మాటకు వెల యుండిన కాల మొకటి గలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినియందు జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. 1929లో ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు వెలువరించెను. ముందుగా అనుమతి పొందనిదే బహిరంగసభ జరుపరాదని దాని తాత్పర్యము. అట్టి దినములలో ఆంధ్రమహాసభలు 1930లో జోగిపేటలోను, 1931లో మన దేవరకొండలోను, 1936లో షాద్‌నగరులోను, 1941లో చిలుకూరులోను, 1944లో భువనగిరిలోను సమావేశమైనవి. జోగిపేట సభకు సురవరము ప్రతాపరెడ్డిగారును, దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావుగారును అధ్యక్షులు. ఇరువురును పాలమూరు మండలమువారే. తెలుగు బడి కావలెను, గ్రంథాలయము కావలెను, వెట్టి పోవలెను అని తీర్మానించుటయే నాడు దేశభక్తి. నేడు మైకునకు అనుమతి కావలెను గాని మాటకు అక్కఱలేదు. వెలలేని వస్తువు విరివిగా దొరకుట లోకసహజము.

ఈ విరివి దేశభక్తి యంతయు ఏటేట సెప్టెంబరు 17వ నాడు మన కన్నుల యెదుట పరీక్షకు వచ్చును. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యములు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించినవి. 17న నిజాము లొంగిపోయెను. 18న మేజరు జనరలు చౌదరి పాలన చేపట్టెను. ఐదారు దినముల కథ. దీనికి పేరు పెట్టుటకు మాత్రము ఏడు దశాబ్దములు చాలకపోయినవి. 2022లో ఒకే ఉదయమున ఒకే నగరములో కేంద్రప్రభుత్వము పెరేడు మైదానమున విమోచన దినమును, రాష్ట్రప్రభుత్వము మఱియొక చోట జాతీయ సమైక్యతా దినమును జరిపినవి. 2024 మార్చిలో కేంద్రము ఏటేట విమోచన దినమే జరుగునని ప్రకటించెను. అదే యేట సెప్టెంబరులో, ప్రభుత్వము మారినందున, రాష్ట్రమువారు ప్రజాపాలన దినమని మఱియొక పేరు పెట్టిరి. విలీనమను వారును, విద్రోహమను వారును వేఱుగ నున్నారు. బారసాలకు వచ్చిన పెద్దలందఱు తమ తమ తాతల పేరే పెట్టవలెనని పట్టుబట్టగా, పేరు లేక ఏడ్చు బిడ్డవలె ఆ దినమున్నది. ఎగురు జెండా మాత్రము అన్ని మైదానములయందును ఒక్కటే.

విమోచనవక్తను తిరగవేసి చూతము. ఆయన రజాకారులతో నారంభించి సర్దారు పటేలుతో ముగించును. రజాకారుల యాగడములు కల్లగావు. మన యూళ్లు వానిని కన్నవి, పడినవి. కాని రజాకారులకు గడీలలో విడిదియిచ్చి అన్నము పెట్టిన దొర లెవరో ఆయన చెప్పడు. వారి మనుమలు తఱచుగా ఆ వేదికపైననే కూర్చుందురు. ఎవరి నుండి విమోచన జరిగెనో ఆ నిజామే 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వఱకు అదే రాజ్యమునకు రాజప్రముఖుడుగ నుండెనన్న సంగతియు చెప్పడు. ఖైదు నుండి విడిపించి, ఆ ఖైదు దరోగానే ఇంటి యజమానిగ నిలిపినచో విడుదలయైనవాడు సంతసింపవలెనా, సందేహింపవలెనా? ఈ ప్రశ్న అడిగినవారిని దేశద్రోహి యనుట సులువు, ఉత్తరము చెప్పుట కష్టము.

సమైక్యతావక్త మఱియు మృదువైనవాడు. ఆయన కథలో ఎవరును ఎవరిని చంపలేదు; ఒక రాజ్యము మఱియొక రాజ్యములో చక్కెర పాలలో కరగినట్లు కరగిపోయెను. ప్రజాపాలనవక్త చరిత్రను రెండు వాక్యములలో ముగించి పథకముల జాబితా చదువును. వీరిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

పోరాటవక్తకు మన జిల్లాలో ఎక్కువ హక్కు గలదు, కాదన రాదు. 1946 జూలై 4న నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి కూలెను. మూడువేల గ్రామములు, పదిలక్షల యెకరముల పంపకము, నాలుగువేల ప్రాణములని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున లెక్క వ్రాసిరి. 1952 ఎన్నికలలో బొల్లేపల్లి రావి నారాయణరెడ్డిగారికి నల్లగొండ ప్రజలు నెహ్రూగారికంటె అధికమైన ఓట్లు వేసిరి. ఇన్ని చెప్పిన పోరాటవక్త, 1948 తరువాత పోరాటము సాగవలెనా నిలువవలెనా యని తమలో తాము కలహించిన సంగతిని, నిలుపవలెనన్నవారిలో ఆ రావి నారాయణరెడ్డిగారే యొకరన్న సంగతిని మాత్రము వడివడిగ దాటిపోవును. 1951 అక్టోబరులో విరమణ జరుగువఱకు, పగలు సైన్యమునకు రాత్రి దళమునకు భయపడి బ్రదికిన గ్రామస్థుల మాట ఏ పక్షము పుస్తకములోను రెండు పుటలకు మించదు.

మతమును బట్టి జ్ఞాపకమును పంచువారు మఱికొందఱు గలరు. వారికి మన జిల్లా చరిత్ర బొత్తిగా అనుకూలింపదు. కామారెడ్డిగూడెములో 1940 ప్రాంతమున విసునూరు దేశముఖును ఎదిరించి భూమికై వ్యాజ్యమాడి ప్రాణములిచ్చిన బందగి ముసల్మాను. చంపించిన దేశముఖు హిందువు. హైదరాబాదు భారతదేశములో చేరవలెనని వ్రాసినందుకు 1948 ఆగస్టులో రజాకారుల చేత నరకబడిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను ముసల్మాను. 1952లో మన హుజూర్‌నగరు ప్రజలు శాసనసభకు పంపిన మఖ్దూం మొహియుద్దీను ఉర్దూ కవి. ఈ మువ్వురను ఏ వరుసలో నిలుపవలెనో తెలియక విమోచనవక్త వారిని వరుస నుండియే తప్పించును. రెండవ వైపున, సైనికచర్య తరువాత జరిగిన హత్యలను విచారింప ప్రభుత్వమే పంపిన పండిత సుందరలాలు ప్రభృతులు 27 వేల నుండి 40 వేల వఱకు మరణించియుందురని నివేదించిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవని వ్రాసిరి. ఆ నివేదిక 2013 వఱకు జనుల కంటబడలేదు. అరువదియైదేండ్లు కాగితమును దాచగల దేశమునకు జ్ఞాపకశక్తి తక్కువ యనుట తగదు. దానికి జ్ఞాపకమున్నది, బీరువా తాళమును ఉన్నది.

మఱియొక చిత్రము వినుడు. 1947 అక్టోబరులో పాలమూరు మండలములోని అప్పంపల్లి గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరుపగా 11 మంది చనిపోయిరి. ఈ సంగతి చెప్పవలసి వచ్చినపుడెల్ల మనవారు దానిని తెలంగాణా జలియన్‌వాలాబాగని యందురు. పరకాలను అట్లే యందురు. బైరాన్‌పల్లిని అట్లే యందురు. ఇది గౌరవించుట యని వారి భావము. మాకు మాత్రము, మన పిల్లవాడు పొరుగింటి పిల్లవాని వలె నున్నాడని చెప్పిననే గాని అందగాడని యొప్పుకొనని తల్లి జ్ఞప్తికి వచ్చును. అమృతసరమువారు తమ తోటను పంజాబు అప్పంపల్లి యని యెన్నడైన ననిరా?

భూదానము మాట. 1951 ఏప్రిలు 18న వినోబాభావేగారు పోచంపల్లికి వచ్చిరి. హరిజనులు ఎనుబది యెకరములు కావలెననగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు ఇచ్చెదమనిరి. ఇది లోకప్రసిద్ధము; గ్రామము పేరే భూదాన పోచంపల్లి యయ్యెను. దాతయు ఋషియు పూజ్యులే. కాని దేశమున ఇన్ని జిల్లాలుండగా వినోబాజీ పాదములు నల్లగొండ వైపే ఏల నడచినవి? శివరాంపల్లి సర్వోదయసభ ముగిసిన పిమ్మట ఆయన ఈ దారి పట్టుటకు కారణము, ఇచ్చట భూమి అప్పటికే చేతులు మారుచుండుటయు, దానిని తిరిగి మార్చుటకు సైన్యము దిగియుండుటయును. మన పోచంపల్లిలో ఏప్రిలు 18నాటి ఉపన్యాసములు అన్నియు దానముతో మొదలగును. అడిగినవారి గొంతు, అంతకుముందు అడుగక పుచ్చుకొన్నవారి గొంతు అందు వినబడదు. ఇచ్చినవాని పేరు రాతిమీద నున్నది. అడిగిన ఆ హరిజనుల పేర్లు ఎందఱికి తెలియును?

దక్షిణమునకు పోదము. శ్రీశైలము ఆనకట్ట కట్టినపుడు కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో నూటికి పైగా గ్రామములు కృష్ణలో మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయికి రాయి విప్పి, అలంపురమునకు తెచ్చి, ఉన్నది ఉన్నట్లు మరల కట్టిరి. శిల్పులకు చేయెత్తి మ్రొక్కవలెను. ఏ రాతి ప్రక్కన ఏ రాయి యుండవలెనో అంత జాగ్రత్తగ గుర్తు పెట్టుకొన్న ప్రభుత్వము, ఏ యింటి ప్రక్కన ఏ యిల్లుండెనో గుర్తు పెట్టుకొనలేదు. 1981లో ఇండ్లను యంత్రములతో కూల్చి, వారిని ఎక్కడివారి నక్కడ చెల్లాచెదరు చేసిరి. జాతి నిర్మాణమను మాట పుట్టినప్పటి నుండి దేశమున నలుదిక్కుల కాలువలు త్రవ్వినది, కట్టలు కట్టినది పాలమూరు కూలీలే. ఆనకట్ట ప్రారంభమైన నాటి పలకపై వారి పేరు చెక్కరు. పలక చాలదని మేమును ఒప్పుకొందుము.

ఇక మన యింటికి వత్తము. పరుల మఱపును ఎంచుట సుఖముగ నుండును. ఇప్పుడు మన మఱపు.

ఏటేట సెప్టెంబరు వచ్చినచో మనకు ఉత్సవములు వరుసగ వచ్చును. 26న రజక సోదరులు చాకలి ఐలమ్మగారి జయంతి జరుపుదురు. 27న మనము కొండా లక్ష్మణ్ బాపూజీగారి జయంతి జరుపుదుము. జూలై 4న కురుమ సోదరులు కొమరయ్యగారి వర్ధంతి జరుపుదురు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క అమరుడు, ఒక్కొక్క విగ్రహము, ఒక్కొక్క కూడలి. ప్రభుత్వమువారును తెలివిగలవారై ఎవరి భాగము వారికి పంచుచున్నారు. ఐలమ్మగారి పేరు 2024లో మహిళా విశ్వవిద్యాలయమునకు, బాపూజీగారి పేరు అంతకుముందే ఉద్యానవన విశ్వవిద్యాలయమునకు వచ్చినవి. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నపుడు దూలమొకరికి, తలుపొకరికి వచ్చును. ఇల్లు మాత్రము ఎవరికిని రాదు.

ఐలమ్మగారి పాలకుర్తి పొలములో పంటను దొర మనుషులు ఎత్తుకొని పోకుండ నిలిచి, ధాన్యమును ఆమె యింటికి చేర్చినవారు ఏ కులమువారు? అన్ని కులములవారు. అందు రెడ్లు నుండిరి, గొల్లలు నుండిరి, మాలమాదిగలు నుండిరి. ఊరివారు వారినందఱిని కలిపి పిలిచిన పేరొక్కటే: సంగము. సంగమనగా ఆంధ్రమహాసభ. సంగములో చేరితివా యని దొర యడిగినచో, ఆ ప్రశ్నకు వీపు మీద ఉత్తరము వ్రాయబడెడిది. ఆ మాటయే నేడు మన యీ మహాసభ తలుపుపై నున్నది. నేడు సంఘమనగా మన కులమువారు మాత్రమే లోపలికి రాదగిన యిల్లు. పదము నిలిచినది, తలుపు మాత్రము లోపలివైపునకు తెఱచుకొనుచున్నది. పోషకులు మన్నింతురు గాక. ఈ మాట కులసభలో గాక మఱెక్కడ చెప్పుదుము?

బాపూజీగారినే తీసికొనుడు. 1915లో వాంకిడిలో జన్మించి, నిజామును ఎదిరించి, 1947 డిసెంబరు నాటి నిజాముపై బాంబు కేసులో నిందితుడై అజ్ఞాతమున తిరిగి, భువనగిరి నుండి శాసనసభ కెన్నికై, 1969లో తెలంగాణము కొఱకు మంత్రిపదవిని విడిచి, 2012లో గతించెను. ఆయన వకీలు. నాటి ఉద్యమకారుల పక్షమున కోర్టులలో వాదించెను. వారి కులమడిగి వకాల్తు పుచ్చుకొనలేదు. మనము మాత్రము ఆయన పటమును మన గోడకు మాత్రమే తగిలించి, మేకు గట్టిగ దిగినదా లేదా యని చూచుకొనుచున్నాము.

మన పెద్దలు పడిన వెట్టిని మనమే చెప్పుకొనము. దొరల యింటి పనివారికి నేతగాండ్రు బట్టలు ఊరకయే నేసి ఈయవలసియుండెనని సుందరయ్యగారు వ్రాసినారు. మన ప్రత్యేకసంచికలలో మార్కండేయమహర్షి, భావనాఋషి కథలు ఏటేట వచ్చును, రావలసినదే. గుంతమగ్గములో కాళ్లు పెట్టి, దొరసాని దాసికి చీర నేసి, కూలి అడుగుటకు నోరు రాక ఇంటికి పోయిన తాత కథ రాదు. దేవతావస్త్రములు నేసిన వంశమని చెప్పుకొనుటలో గల రుచి అందు లేదు గదా. ఆ తాత ప్రక్కన కూర్చుండి ఆసు పోసిన అవ్వ కథ అసలే రాదు. ఒక్క చీరకు సుమారు తొమ్మిదివేల మాఱులు చేయి ఆడింపవలెను. తల్లి భుజము నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రము కనిపెట్టిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ బిరుదు వచ్చుటకు ముందు నూఱేండ్లు ఆ భుజములు నొచ్చినవి. ఏ జెండా పండుగనాడును ఏ వక్తయు వానిని ప్రస్తావింపలేదు.

జెండా మాట వచ్చినది గనుక నేతవారి సభలో అది చెప్పకుండ పోరాదు. 2002 నాటి జెండా నియమావళి ప్రకారము జాతీయపతాకము చేత వడికిన నూలుతో చేత నేసిన ఖాదీదై యుండవలెను. హుబ్బళ్లి చెంత బెంగేరిలోని ఖాదీసంఘమువారు ప్రమాణముద్ర గల జెండాలు నేయుచుండిరి. 2021 డిసెంబరు 30న నియమము సవరింపబడి, యంత్రముపై చేసినదియు, పాలిస్టరుదియు జెండాయే యని నిర్ణయమైనది. మఱుసటి యాగస్టున ఇంటింట జెండా యెగురవేయుడని పిలుపు వచ్చెను. ఇంటింట ఎగిరినది. జెండా ప్రతి యింటికి చేరుట మంచిదే, ఖాదీ చౌక గాదు, నిజమే. కాని ఆ దినముల ఉపన్యాసములలో చర్కాను గూర్చియు, గాంధీజీని గూర్చియు, విదేశీబట్టల దహనమును గూర్చియు వక్తలు చెప్పినదంతయు ఆ పాలిస్టరు జెండా క్రిందనే చెప్పిరి. జెండా కూర్చిన పింగళి వెంకయ్యగారి పేరు ప్రతివక్తయు తలచెను. జెండా నేయు హక్కు ఎవరి నుండి జారెనో ఒక్కడును తలచలేదు. తిరగవేసి చూచువా రచ్చట లేకపోయిరి.

ఆగస్టు 7 చేనేత దినము. 1905లో అదే తేదీన కలకత్తా పురమందిరమున స్వదేశోద్యమము మొదలైనందున, 2015 నుండి ఏటేట జరుపుచున్నారు. మన గద్వాల, నారాయణపేట, పుట్టపాక, పోచంపల్లి యందును ఆ నాడు సభలు జరుగును. కలకత్తా కథ చెప్పుదురు. 1947లో ఇదే ఆగస్టు 7వ తేదీన స్వామి రామానందతీర్థగారి నాయకత్వమున హైదరాబాదు రాజ్యమంతట భారతదేశములో చేరవలెనను ఉద్యమము మొదలయ్యెనని, నాడు మన యూళ్లలో జెండా పట్టుట నేరమని మాత్రము ఎవరును చెప్పగా మేము వినలేదు. తేదీ ఒక్కటే, దూరపుది దగ్గఱ, దగ్గఱది దూరము. 2020లో ఆ పండుగకు పదునొకండు దినములు ముందు, జూలై 27న, 1992లో ఏర్పడిన అఖిలభారత చేనేత మండలిని కేంద్రము రద్దు చేసెను. పండుగ మాత్రము యథావిధిగ జరిగెను. తద్దినము పెట్టుటకు మనిషి గతింపవలెనన్న నియమము ఇచ్చట చక్కగ పాటింపబడినది. 1985లో చేనేతకు కేటాయించిన 22 రకములు తరువాత 11కు దిగినవి. 2017 జూలై నుండి 5 వంతుల పన్నును చేరినది. భౌగోళిక గుర్తింపు వచ్చిన పోచంపల్లి పువ్వును సూరతు మిల్లులు అచ్చొత్తి హైదరాబాదు అంగళ్లలో సగము వెలకు అమ్ముచున్నవి. అది కొని కట్టుకొని సభకు వచ్చినవారిని మేము వేలెత్తి చూపము; ముందు వరుసలవారికి ఇబ్బంది గలుగును.

ఇంతసేపు ఎగతాళి చేసితిరి, మఱి యేమి చేయుమందురని కార్యదర్శిగారు అడుగవచ్చును. మన పాలమూరువాడే యొక త్రోవ చూపెను. తెలంగాణమున కవులే లేరని యొక పండితుడు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి ప్రత్యుత్తరముగ ఉపన్యసింపలేదు. ఊరూరికి జాబులు వ్రాయించి, పద్యములు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసిరి. అందు 354 కవులు. ఆ పిదప లేరన్న మాట మరల ఎవరును అనలేదు. మహాసంగ్రామము కాదు, తపాలాబిళ్లలు, ఓపిక.

మన ప్రత్యేకసంచికలో ప్రకటనల నడుమ కొన్ని పుటలు విడిచిపెట్టుటకు పోషకులు అంగీకరించినారు. నగల దుకాణమువారు తమ అర్ధపుటను సైతము వదలుకొనిరి, వారికి కృతజ్ఞతలు. ఆ పుటలలో వచ్చే యేడు ఉపన్యాసములు వేయము. ప్రతి యూరి శాఖవారు తమ యూరిలో 1946 నుండి 1951 వఱకు చంపబడినవారి పేర్లు, జైలుకేగినవారి పేర్లు, ఇండ్లు కాలినవారి పేర్లు సేకరించి పంపవలెను. పద్మశాలీల పేర్లు మాత్రమే పంపినచో మేము తిరిగి పంపివేయుదుము. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను వ్రాయుడు. ఎవరి చేత చంపబడిరో దానిని స్పష్టముగ వ్రాయుడు: రజాకారుల చేతనా, దొర మనుషుల చేతనా, సైన్యము చేతనా, దళము చేతనా. ఈ కడపటి గడి యొక్కటి నింపుటయే కష్టమని మాకు తెలియును. చంపినవారి బంధువులును ఆ యూరనే యున్నారు, మనతో చుట్టఱికములును గలవు. అట్లయినను వ్రాయుడు.

ఆ కాలమును చూచినవారు ఇప్పుడు తొంబదియేండ్ల వారు. చెవి వినబడదు, ఒక్కొక్కమారు నిన్నటి మాట గుర్తుండదు, ఆనాటిది మాత్రము గుర్తుండును. వారి కడకు సాయంకాలము గాక ఉదయమున పొండు. అప్పుడు వారికి మాట బాగుగ వచ్చును. ఊరు, పాత తాలూకా, తండ్రిపేరు, సంవత్సరము వ్రాయుడు. పటము లేకున్నను బాధ లేదు. ఇంటిపేరు తెలియకున్న వృత్తి వ్రాయుడు. దసరాకు ముందుగా కార్యాలయమునకు చేరవలెను.